బొగ్గు బాయిలరుకు సెలవు: సర్కారు సాయం ఎంతవరకు?

చలికాలం వచ్చిందంటే శ్రీరాంపూర్ పరిసర బస్తీల్లో తెల్లవారకముందే పొగ లేస్తుంది. ఫజ్ర్ అజాన్‌కు ముందే మేల్కొన్న ఇల్లాలు మొట్టమొదట చేసే పని నీళ్లు కాచడం. పెద్దవారి వుజూకు, బడికి వెళ్లే పిల్లల స్నానానికి, మూడో షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరే మనిషికి, అందరికీ వేన్నీళ్లు కావాలి. ఒంటికి పట్టిన బొగ్గు మసి చన్నీళ్లకు వదలదన్న సంగతి బాయి పని చేసిన ప్రతి కుటుంబానికీ తెలుసు. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా చలికి పెట్టింది పేరు. ఇక్కడ డిసెంబరు, జనవరి మాసాల్లో వేన్నీళ్లను విలాసంగా ఎవరూ లెక్కించరు.

ఆ నీళ్లు కాచే సాధనం కొన్ని ఇళ్లలో ఇప్పటికీ పాత రాగి బాయిలరే. ఉర్దూ మాట్లాడే కుటుంబాల్లో దీనిని హమామ్ అనడమూ ఉంది. పొడవాటి రాగి పాత్ర, దాని నడుమ పైనుంచి కిందిదాకా ఒక గొట్టం, గొట్టం అడుగున నిప్పులు నిలిచే ఇనుప జల్లెడ, ముందువైపు కుళాయి. గొట్టంలో నిప్పులు వేస్తే చుట్టూ ఉన్న నీరు కాగుతుంది. పైనుంచి ఒక చెంబు చన్నీళ్లు పోస్తే కింద కుళాయి నుంచి అన్నే వేన్నీళ్లు వచ్చే రకాలు కూడా ఉన్నాయి. సాధనంగా చూస్తే ఇది తెలివైన పనితనమే. నిప్పు నీటి మధ్యలోనే ఉంటుంది గనుక బయటి పొయ్యి మీద పెట్టిన గంగాళం కంటే తక్కువ ఇంధనంతో పని జరుగుతుంది. చిక్కంతా ఆ గొట్టంలో ఏమి మండుతున్నదన్న దగ్గరే వచ్చింది. ఊళ్లలో కట్టెలు, కొబ్బరి చిప్పలు, కట్టె బొగ్గు వేసే చోట మన ప్రాంతంలో రాక్షసి బొగ్గు వేశారు. చేతికి అందుబాటులో ఉన్నది అదే మరి.

ఇల్లందు సమీపంలో డాక్టర్ విలియం కింగ్ 1871లో బొగ్గును గుర్తించిన నాటి నుంచి గోదావరి లోయలోని ఈ ఊళ్ల వంటిల్లు బొగ్గుతోనే నడిచింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీగా రూపుదిద్దుకున్న సంస్థ ఉత్తరానికి విస్తరించి బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరిఖనిలను గని పట్టణాలుగా మార్చింది. తట్టా చెమ్మస్ పట్టిన తరం వారి ఇళ్లలో పచ్చి బొగ్గును ముందు వాకిట్లో రాజేసి, నల్లని పొగ తగ్గి నిప్పు ఎర్రబడ్డాక లోపలికి తెచ్చుకునేవారు. గని కార్మికునికి ఇంటి వాడకానికి ఇంధనం ఇవ్వడం దేశంలోని బొగ్గు పరిశ్రమ అంతటా ఉన్న పాత ఆనవాయితీ. డబ్బు పెట్టి కొనని ఇంధనాన్ని వదులుకోమని ఎవరికైనా చెప్పడం కష్టం. అందుకే గ్యాసు పొయ్యి వచ్చిన ఇళ్లలో కూడా వంట గ్యాసుకు మారింది గాని, నీళ్ల కాపు మాత్రం పెరట్లో బొగ్గు మీదనే మిగిలిపోయింది.

కాలం మారింది. పర్మినెంటు కార్మికునికి క్వార్టరు, కరెంటు, వేతన ఒప్పందం ఉన్నాయి. ఆ ఒప్పందం కాంట్రాక్టు కార్మికునికి వర్తించదు. పదవీ విరమణ చేసినవాడు క్వార్టరు ఖాళీ చేయాలి. ఇంటి పెద్ద మరణిస్తే అతని భార్య కూడా కొంతకాలానికి ఖాళీ చేయవలసిందే. ఆమె వెళ్లి చేరేది కిరాయి గదికో, రేకుల ఇంటికో. క్వార్టరులో విశాలమైన పెరడు ఉండేది, పొగ గాలికి పోయేది. రేకుల గదిలో బాయిలరు తలుపు దగ్గరికి, చలి ఎక్కువైన రాత్రి తలుపు లోపలికి వస్తుంది. ఈ వ్యాసం ప్రధానంగా అలాంటి ఇళ్ల కోసమే.

బొగ్గు నిప్పుతో రెండు ప్రమాదాలు. కంటికి కనిపించే పొగ ఒకటి. ఇళ్లలో బొగ్గు కాల్చినప్పుడు వెలువడే పొగను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. శుద్ధి చేయని బొగ్గును ఇంటి ఇంధనంగా వాడరాదని 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో సిఫారసు చేసింది. చైనాలోని యునాన్ రాష్ట్రం, షువాన్‌వీ ప్రాంతపు స్త్రీల ఉదంతం దీనికి గట్టి సాక్ష్యం. వారిలో దాదాపు ఎవరూ పొగ తాగేవారు కాదు. అయినా ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు ఆ దేశంలోనే అత్యధిక స్థాయిలో ఉండేవి. ఇంట్లో గొట్టం లేని గుంత పొయ్యి మీద పొగ బొగ్గు కాల్చడమే కారణమని తేలింది. 1976 నుంచి 1992 వరకు ఇరవై ఒక్క వేలకు పైగా మందిని పరిశీలించగా, పొయ్యికి పొగగొట్టం అమర్చుకున్న కుటుంబాల్లో ఆ జబ్బు గణనీయంగా తగ్గింది. పొయ్యి మార్చలేని వారు కనీసం పొగను ఇంటి కప్పు దాటించినా ప్రాణాలు నిలుస్తాయన్నమాట.

రెండవ ప్రమాదం కంటికి కనబడదు, ముక్కుకు తెలియదు. ఎర్రగా, పొగ లేకుండా మండే నిప్పును చూసి ఇక భయం లేదనుకొని లోపలికి తెస్తారు. గాలి చాలని గదిలో ఆ నిప్పుల నుంచే కార్బన్ మోనాక్సైడ్ వాయువు పుడుతుంది. అది రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమిస్తుంది. తలనొప్పి, వికారం, మగత వస్తాయి. నిద్రలో ఉన్నవారికి అవి కూడా తెలియవు. ఉత్తర భారతంలో ప్రతి చలికాలం కుంపటి పెట్టుకొని పడుకున్న కుటుంబాల మరణ వార్తలు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు ఇంటివారితో సహా కాలిపోయిన వార్త దైవప్రవక్త ముహమ్మద్ (స)కు తెలిసినప్పుడు, నిప్పు మీకు శత్రువని, నిద్రించే ముందు దానిని ఆర్పివేయాలని ఆదేశించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని ఉల్లేఖనాల ద్వారా తెలుస్తున్నది. ఈ ఆదేశం మన పెద్దలకు తెలియనిది కాదు. అయితే మంట ఆరింది కదా, నిప్పులే కదా అన్న సందు చూసుకుంటున్నాం. వాయువు పుట్టేది ఆ నిప్పుల్లోనే.

మార్చుకోవాలని అందరికీ ఉంటుంది. ఖర్చు ఎవరు భరిస్తారన్నదే ప్రశ్న. ఈ ప్రశ్నకు మొదట స్పష్టంగా జవాబు చెప్పిన దేశం బొగ్గు పొగలోనే పెరిగిన ఇంగ్లండు. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్ నగరాన్ని కమ్మేసిన పొగమంచుకు నాలుగు వేల మంది బలయ్యారని అప్పుడు అంచనా వేశారు. తర్వాతి పరిశోధకులు ఆ సంఖ్య పన్నెండు వేల వరకు ఉండవచ్చన్నారు. నాలుగేళ్ల తర్వాత, 1956లో వచ్చిన స్వచ్ఛ వాయు చట్టం కొన్ని ప్రాంతాలను పొగ నిషిద్ధ ప్రాంతాలుగా ప్రకటించే అధికారాన్ని పురపాలక సంస్థలకు ఇచ్చింది. నిషేధంతో ఊరుకోలేదు. పొగ రాని పొయ్యి అమర్చుకోవడానికి అయ్యే సమంజసమైన ఖర్చులో పదింట ఏడు వంతులు ప్రభుత్వం, పురపాలక సంస్థ కలిసి భరించాయి. ఇంటివారు మూడు వంతులు పెట్టుకున్నారు. చట్టం అన్ని చోట్లా ఒకే వేగంతో అమలు కాలేదు. గని కార్మికుల ఊళ్లే వెనకబడ్డాయి. ఎందుకంటే అక్కడ కార్మికునికి జీతంలో భాగంగా బొగ్గు వచ్చేది! శ్రీరాంపూర్ పాఠకులకు ఈ ముక్క విడమరచి చెప్పనక్కర లేదు. ఇప్పుడు అదే దేశం గ్యాసు బాయిలర్లను కూడా తీసివేయడానికి సాయం చేస్తున్నది. గాలిలోని వేడిని గ్రహించి ఇంటికి, నీటికి అందించే హీట్ పంపు అమర్చుకుంటే ఇంగ్లండు, వేల్స్‌లలో 2023 అక్టోబరు నుంచి 7,500 పౌండ్లు గ్రాంటుగా ఇస్తున్నారు.

చైనా అనుభవం మరోవైపు హెచ్చరిస్తున్నది. 2017లో బీజింగ్ చుట్టుపక్కల రాష్ట్రాల్లో లక్షలాది ఇళ్ల బొగ్గు పొయ్యిలు, బాయిలర్లు తొలగించి గ్యాసుకు, కరెంటుకు మార్చే పని పెట్టుకున్నారు. పాతవి తీసేశారు, చలి వచ్చే నాటికి కొన్నిచోట్ల గ్యాసు గొట్టాలు రాలేదు, వచ్చిన చోట గ్యాసు చాలలేదు. హెబెయ్ రాష్ట్రంలో ఒకచోట బడి గదిలో వెచ్చదనం లేక పిల్లలు ఎండలో కూర్చొని చదువుకోవలసి వచ్చింది. చివరికి డిసెంబరులో ప్రభుత్వమే దిగివచ్చి, ఏర్పాటు పూర్తికాని చోట బొగ్గు కాల్చుకోవచ్చని చెప్పింది. కొత్తది చేతికి అందక ముందే పాత రాగి బాయిలరును తూకానికి అమ్మేయాలని తొందరపడే వారికి ఇది ఉపయోగపడే ముచ్చట.

ఇక మన దగ్గరి సంగతి. బాయిలరు మార్చుకోవడానికి ఇంత అని ఇచ్చే ప్రత్యేక పథకం మన రాష్ట్రంలో లేదు. ఉన్నవన్నీ వేరే పేర్లతో ఉన్నాయి. వాటిలో నుంచి మన అవసరానికి పనికొచ్చేది ఏరుకోవాలి.

మొదటిది గ్యాసు కనెక్షన్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ప్రారంభమైన దీపం పథకం కింద పొదుపు సంఘాల మహిళలకు కనెక్షన్ డిపాజిట్టును ప్రభుత్వమే కట్టింది. కేంద్రం 2016 మే 1న ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో ఉజ్వల పథకాన్ని ప్రారంభించింది. ఇప్పటికి దేశంలో పది కోట్లకు పైగా కనెక్షన్లు దాని కింద వెళ్లాయి. ఇంట్లో ఏ కంపెనీ గ్యాసు కనెక్షనూ లేని పేద కుటుంబపు వయోజన మహిళ పేరున దీనిని ఇస్తారు. సిలిండరు, రెగ్యులేటరు డిపాజిట్లు, రబ్బరు గొట్టం, అమర్చే ఖర్చు ప్రభుత్వానివి. మొదటి విడతలో పొయ్యికి, మొదటి సిలిండరుకు అయ్యే డబ్బును చమురు కంపెనీలు వడ్డీ లేని వాయిదాల మీద ఇచ్చి, తర్వాత సబ్సిడీలో మినహాయించుకున్నాయి. 2021 ఆగస్టులో వచ్చిన రెండవ విడత నుంచి పొయ్యి, మొదటి సిలిండరు కూడా ఉచితం. పొట్టకూటికి వలస వచ్చి చిరునామా కాగితాలు లేని కుటుంబాలు సొంత ధ్రువీకరణ ఇస్తే సరిపోతుందన్న సడలింపు కూడా అప్పుడే వచ్చింది. గనుల్లో కాంట్రాక్టు పనికి బయటి జిల్లాల నుంచి, పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చిన వారికి ఇది ముఖ్యం. అయినా ఈ సడలింపు ఉందని అడిగేవారే తక్కువ.

కనెక్షన్ రావడం ఒక ఎత్తు, సిలిండరు మళ్లీ నింపించుకోవడం ఇంకొక ఎత్తు. 2018 డిసెంబరు నాటికి ఉజ్వల లబ్ధిదారులు ఏడాదికి సగటున 3.21 సిలిండర్లు మాత్రమే తీసుకున్నారని కాగ్ తన నివేదికలో లెక్కగట్టింది. నాలుగు నెలలకు ఒక్క సిలిండరు! అంటే మిగతా వంట, నీళ్ల కాపు కట్టెల మీదనో బొగ్గు మీదనో సాగుతున్నట్లే. ఈ లోటును గుర్తించి 2022 మేలో ఉజ్వల కుటుంబాలకు సిలిండరుకు 200 రూపాయల రాయితీ ప్రకటించి, 2023 అక్టోబరులో దానిని 300 చేశారు. తెలంగాణ ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో మహాలక్ష్మి కింద 500 రూపాయలకే సిలిండరు ఇవ్వడం మొదలుపెట్టింది. తెల్ల రేషన్ కార్డు ఉండాలి, కనెక్షన్ మహిళ పేరున ఉండాలి, ప్రజాపాలనలో దరఖాస్తు చేసి ఉండాలి. ముందు పూర్తి ధర కట్టాలి. తేడా తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఇక్కడే ఒక మెలిక ఉంది. గడచిన మూడేళ్లలో సగటున ఎన్ని సిలిండర్లు వాడారో అన్నింటికే ఈ రాయితీ. బొగ్గు మీద నీళ్లు కాచుకుంటూ గ్యాసును పొదుపుగా వాడిన కుటుంబానికి ఆ సగటు తక్కువగా ఉంటుంది, రాయితీ సిలిండర్లూ తక్కువగానే వస్తాయి. బీదతనం వల్ల తక్కువ వాడినవారే ఇందులో నష్టపోతున్నారన్నది మా అభిప్రాయం.

గ్యాసు మీద నీళ్లు కాస్తే ఎంతవుతుంది? ఇళ్లలో ఎప్పుడూ జరిగే ఈ వాదనకు ఒక లెక్క చెబుతాం. పదిహేను లీటర్ల బకెట్టు నీటిని 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవాలంటే సుమారు 0.44 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి కావాలి. 14.2 కిలోల సిలిండరుతో, పొయ్యి దగ్గర వృథా అయ్యే వేడి పోగా, దాదాపు 250 బకెట్లు కాగుతాయి. అయిదుగురున్న ఇంట్లో రోజుకు మనిషికి ఒక బకెట్టు చొప్పున కేవలం నీళ్లకే ఒక సిలిండరు 50 రోజులు వస్తుంది. చలికాలపు మూడు నెలలకు రెండు సిలిండర్లు అనుకోండి. బాయిలరులో రోజూ తట్టెడు బొగ్గు పోసే ఇంటికి ఇది భయపడినంత పెద్ద ఖర్చేమీ కాదు.

కరెంటుతో అయితే అదే అయిదు బకెట్లకు రోజుకు రెండు యూనిట్ల పైచిలుకు, నెలకు 65 యూనిట్ల వరకు అవుతుంది. 2024 మార్చి నుంచి అమలైన గృహజ్యోతి కింద 200 యూనిట్లలోపు వాడే అర్హులైన కుటుంబాలకు బిల్లు లేదు. కిరాయి ఇంట్లో ఉన్నా వర్తిస్తుంది. నెలకు 120 యూనిట్లు కాలే ఇంట్లో చిన్న గీజరు పెట్టుకున్నా లోపలే ఉంటారు. 150 కాలే ఇంట్లో మాత్రం జాగ్రత్త. గీత దాటితే పైన ఉన్న యూనిట్లకే కాక మొత్తం బిల్లు కట్టవలసి వస్తుంది. డిస్కం మీటరు లేని కంపెనీ క్వార్టర్లకు ఈ పథకంతో సంబంధం లేదు. గీజరు కొనలేని వారు బకెట్టులో వేసే రాడ్డును ఆశ్రయిస్తున్నారు. చవకే గాని, ఎర్త్ లేని ప్లగ్గు, ఇనుప బకెట్టు, తడి నేల కలిస్తే అది బొగ్గు కంటే త్వరగా ప్రాణం తీస్తుంది. ప్లాస్టిక్ బకెట్టు వాడాలి. స్విచ్ ఆపి, ప్లగ్గు తీసిన తర్వాతనే నీటిలో చేయి పెట్టాలి. పిల్లలున్న ఇంట్లో మేమైతే రాడ్డును సిఫారసు చేయం.

సూర్యరశ్మితో నీళ్లు కాచే హీటర్ల మీద ఒకప్పుడు కేంద్రం మూడో వంతుకు దగ్గరగా, 30 శాతం రాయితీ ఇచ్చేది. 2014లో దానిని నిలిపివేశారు. ఇప్పటికీ ఆ సబ్సిడీ ఉందని చెప్పి బయానా అడిగేవారు తారసపడితే నమ్మవద్దు. ఇప్పుడున్నది మేడమీద కరెంటు పుట్టించే పలకలకు ఇచ్చే సాయం. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాటుకు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు లేదా అంతకు పైన ఉంటే 78 వేల రూపాయలు ఖాతాలో వేస్తారు. ఒక కిలోవాటు పలక రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. సొంత ఇల్లు, గట్టి కప్పు, తమ పేరున కరెంటు కనెక్షన్ ఉండాలి. పథకంలో నమోదైన వ్యాపారితోనే పని చేయించాలి. క్వార్టరులో ఉన్నవారికి, కిరాయిదారులకు ఇది అందదు. సింగరేణి భూముల్లో ఇళ్లు కట్టుకొని జీవో 76 కింద పట్టాలు పొందిన విశ్రాంత కార్మికులు ప్రయత్నించవచ్చు. అయితే ముందు కరెంటు బిల్లు తీసి చూసుకోవాలి. గృహజ్యోతితో బిల్లు సున్నా వస్తున్న ఇంటికి లక్షకు పైగా ఖర్చుపెట్టి పలకలు వేయించుకోవడంలో లాభం ఏముంది? నెలకు 250, 300 యూనిట్లు కాలే ఇళ్లకే ఇది కలిసివస్తుంది.

మరొక సంగతి మన పాఠకులు తప్పక అడుగుతారు. సూర్యఘర్‌కు బ్యాంకులు తక్కువ వడ్డీ రుణాలు ఇస్తున్నాయి. సబ్సిడీ కావాలంటే రుణం తీసుకోవాలని కొందరు ఏజెంట్లు చెప్పడం వినిపిస్తున్నది. అలాంటి నిబంధన లేదు. సొంత డబ్బుతో వేయించుకున్నా సబ్సిడీ వస్తుంది. వడ్డీ జోలికి పోకూడదనుకునే కుటుంబానికి అసలు ఇబ్బంది మరొకటి: సాయం పని పూర్తయ్యాక వస్తుంది, డబ్బు మాత్రం ముందే పెట్టాలి. మహాలక్ష్మిలోనూ అదే వరుస. సిలిండరు పూర్తి ధరకు చేతిలో డబ్బు లేని వితంతువు, రాయితీ తనకు ఉండి కూడా, మళ్లీ బొగ్గు బుట్ట పట్టుకుంటుంది. ఈ నడిమి ఖాళీని పూరించగలిగింది ఖర్జె హసనా ఒక్కటే. మస్జిద్ కమిటీలు, మొహల్లా బైతుల్‌మాల్‌లు చలికాలానికి ముందే సిలిండరు ధరంత చిన్న మొత్తాలు ఇచ్చి, సబ్సిడీ పడగానే వెనక్కి తీసుకుంటే, అదే డబ్బు ఒక్క సీజనులో చాలా ఇళ్లు తిరుగుతుంది. జకాత్‌కు అర్హులైన వారికి గ్యాసు పొయ్యి, ప్రెషర్ పాత్ర ఇవ్వడం బియ్యం ఇవ్వడం కంటే ఏమీ తక్కువ కాదు.

దరఖాస్తుల విషయంలో ఒక్క మాట. మన ఇళ్లలో ఎక్కువగా కాగితాలు ఆగేది పేరు దగ్గర. ఆధార్‌లో బేగం, రేషన్ కార్డులో బీ, బ్యాంకు పుస్తకంలో సుల్తానా. పుట్టింటి పేరు ఒకచోట, భర్త పేరు మరొకచోట. ఉజ్వలకు ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా మూడూ కావాలి. సబ్సిడీ ఆధార్‌తో అనుసంధానమైన ఖాతాలోనే పడుతుంది గనుక ఈ తేడాలను గ్యాసు ఏజెన్సీకి వెళ్లే ముందే మీ సేవలో, బ్యాంకులో సరిచేయించుకోవాలి. భర్త పేరున ఉన్న కనెక్షన్‌ను ఆయన మరణానంతరం భార్య పేరునకు మార్పించుకునే వీలు ఏజెన్సీలోనే ఉంది. మరణ ధ్రువపత్రం, ఆధార్ తీసుకువెళ్లాలి. అలా మార్పించుకోకుండా పాత పుస్తకంతోనే సిలిండర్లు తెచ్చుకుంటున్న ఇళ్లు మహిళ పేరున ఉండాలన్న నిబంధన దగ్గర ఆగిపోతున్నాయి. ఈ పనులన్నీ వర్షాకాలంలోనే మొదలుపెడితే చలి ముదిరే నాటికి పొయ్యి ఇంటికి వస్తుంది. అప్పటిదాకా పాత బాయిలరును గది బయట, గాలి ఆడే చోట, పైన పొగగొట్టం అమర్చి వాడుకోండి; రాత్రి నిప్పులను నీళ్లు చల్లి ఆర్పండి. కొత్త ఏర్పాటు ఒక చలికాలం నిలకడగా పనిచేసిందని తేలాక రాగిని అమ్ముకోవచ్చు. పాత రాగికి మంచి ధరే పలుకుతుంది.